పారిస్‌లో జపాన్ ఛాయలున్న ఫ్రెంచ్ రెస్టారెంట్‌లో భోజనం: బుకింగ్ నుంచి బిల్లు దాకా ఎలా చేయాలి

పారిస్ వస్తున్న తెలుగువారిలో చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. పెళ్లిరోజుకో, పిల్లల చదువు పూర్తయిన సందర్భానికో ఒక్కసారి పెద్ద ఫ్రెంచ్ రెస్టారెంట్‌లో భోజనం చేయాలని ఉంది, జపాన్ షెఫ్‌లు నడిపే చోట్ల వంట తేలికగా ఉంటుందని విన్నాం, కానీ ఇంట్లో ఒకరు శాకాహారి, మరొకరు గొడ్డుమాంసం తినరు, అక్కడ ఎలా మాట్లాడాలో తెలియదు, వెళ్లవచ్చా అని. తప్పకుండా వెళ్లవచ్చు. అయితే ఈ భోజనంలో మీరు చేయవలసిన పనిలో ముప్పాతిక భాగం టేబుల్ దగ్గర కూర్చోకముందే అయిపోవాలి. ఆ తర్వాత మీ వంతు తినడమే.

ఎలాంటి చోటు గురించి చెబుతున్నానో ముందు స్పష్టం చేస్తాను. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియానికి నడిచి వెళ్లగలిగే దూరంలో ‘కేయ్’ అనే రెస్టారెంట్ ఉంది. నగానోలో పుట్టిన కేయ్ కొబయాషి దాన్ని 2011లో తెరిచారు. 2020లో దానికి రెస్టారెంట్లకు స్థాయి కట్టే మిషెలిన్ గైడ్ తన అత్యున్నత స్థాయి అయిన మూడు నక్షత్రాలు ఇవ్వడంతో, ఫ్రాన్స్‌లో ఆ స్థాయి అందుకున్న తొలి జపాన్ షెఫ్ ఆయనే అయ్యారు. ఇలా జపాన్ షెఫ్‌లు ఫ్రెంచ్ పద్ధతిలో వండే చోట్లు ఆ నగరంలో ఇంకా చాలా ఉన్నాయి. ఫ్రెంచ్ షెఫ్‌లు జపాన్ నుంచి నేర్చుకున్నవీ తక్కువేమీ కావు. జోయెల్ రొబుషోఁ 2003లో టోక్యోలో, పారిస్‌లో తెరిచిన ‘లాతెలియే’ రెస్టారెంట్లలో అతిథులను సుషి దుకాణంలోలా వంటగది ఎదుట కౌంటర్ చుట్టూ కూర్చోబెట్టారు. ఈ చోట్లలో ఇది సుషి, అది ఫ్రెంచ్ అని విడివిడిగా వడ్డించరు. వంట పద్ధతి ఫ్రెంచిదే. దానిలోకి యుజు పండు పులుపు, సోయా గింజలను పులియబెట్టి చేసే మిసో ముద్ద ఉప్పదనం, దాషి అనే చారు, పచ్చి చేపను కోసే నేర్పు వచ్చి కలుస్తాయి. మన భోజనానికి చిక్కు వచ్చేదీ అక్కడే.

కావలసినవి

అంతర్జాతీయ చెల్లింపులు, ఆన్‌లైన్ చెల్లింపులు రెండూ ఆన్ చేసి ఉన్న క్రెడిట్ కార్డు ఒకటి కావాలి. మన దేశంలో ఇచ్చే కార్డులకు ఈ రెండింటినీ బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాల్సి వస్తుంది, అది మరచిపోతే బుకింగ్ మధ్యలోనే ఆగిపోతుంది. బ్యాంకు పంపే ఓటీపీ అందుకునే ఫోన్, రోజూ చూసుకునే ఈమెయిల్, ఎవరెవరు ఏమేం తినరో రాసిన కాగితం, వేరే పని పెట్టుకోని మూడున్నర గంటల సమయం కూడా ఉండాలి. డబ్బు విషయానికి వస్తే, మూడు నక్షత్రాల చోట రాత్రి మెనూ ఒక్కొక్కరికి మూడు నాలుగు వందల యూరోలు దాటడం మామూలే. ఒక నక్షత్రం ఉన్న చోట మధ్యాహ్నం మెనూ అందులో మూడో వంతుకు, ఒక్కోసారి అంతకన్నా తక్కువకు కూడా దొరుకుతుంది. నీళ్ల సీసా, వైన్, కాఫీ ఈ ధరలో కలిసి ఉండవు కనుక మెనూ ధరపై మరో పావు వంతు పక్కన పెట్టుకోండి. వైన్ తాగేవారు అంతకన్నా ఎక్కువే పెట్టుకోవాలి.

చేయవలసిన విధానం

1. మధ్యాహ్నమా, రాత్రా అన్నది తేల్చుకోండి. మొదటిసారి వెళ్లేవారికి మధ్యాహ్నమే మంచిదని నా గట్టి అభిప్రాయం. అదే వంటగది, అదే షెఫ్, వంటకాల సంఖ్య కాస్త తక్కువ, ధర చాలా తక్కువ, పైగా పెద్దవారికి రాత్రి పొద్దుపోయాక భారంగా తినే ఇబ్బంది ఉండదు. చాలా చోట్ల వారంలో కొన్ని రోజులే మధ్యాహ్న భోజనం ఉంటుంది. ఆది, సోమవారాల్లో మూసి ఉంచే చోట్లు ఎక్కువ, ఆగస్టులో కొన్ని వారాలు పూర్తిగా సెలవు తీసుకునేవీ ఎక్కువే. అందుచేత విమాన టికెట్టు కొన్న వెంటనే రెస్టారెంట్ వెబ్‌సైట్‌లో తేదీలు చూడండి.

2. తినని వాటి జాబితా రాయండి. దీనికి అరగంట కేటాయించండి, ఎందుకంటే మొత్తం భోజనం దీనిమీదే నిలబడుతుంది.

మా అత్తయ్యగారు శాకాహారి. ఆవిడను తొలిసారి ఇలాంటి చోటికి తీసుకువెళ్లినప్పుడు, బుకింగ్‌లో ‘మాంసం, చేప వద్దు’ అని మాత్రమే రాశాను. రెండో వంటకంగా చిన్న గిన్నెలో తేటగా, బంగారు రంగులో ఒక చారు వచ్చింది, అందులో తేలుతున్నవి రెండు పుట్టగొడుగు ముక్కలు, ఒక ఆకు. ఆవిడ ఇష్టంగా తాగారు. గిన్నె తీసుకువెళ్లే మనిషిని నేను ఊరికే అడిగితే, అది దాషి అని, ఎండు చేపతో కాచిందని చెప్పారు. వాళ్ల దృష్టిలో గిన్నెలో చేప ముక్క లేదు. తప్పు నాది, నేను రాసిన తీరులోనే ఉంది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు గాని ఆ తర్వాత వచ్చినవేవీ సరిగా తినలేదు.

దాషిని సాధారణంగా రెండు వస్తువులతో చేస్తారు. ఒకటి కొంబు అనే సముద్రపు నాచు, అది శాకాహారమే. రెండోది కత్సుఒబుషి. ట్యూనా జాతికి చెందిన చేపను ఉడికించి, పొగబెట్టి, కట్టెలా గట్టిపడేదాకా ఎండబెట్టి, వడ్రంగి చిత్రిక పట్టినట్టు పలచని పొరలు తీస్తే వచ్చేదే కత్సుఒబుషి. కొంబుతో మాత్రమే కాచిన దాషి కూడా జపాన్ వంటలో ఉన్నదే కనుక ముందుగా చెబితే వంటగదికి అది కష్టమైన కోరిక కాదు.

కాబట్టి జాబితాలో మాంసం, చేప, రొయ్యలు, పీతలు, నత్తల వంటివి రాయడంతో ఆగకండి. వీటిని కూడా పేరుపేరునా రాయండి: మాంసం, కోడి, చేప ఎముకలతో కాచిన స్టాక్, కత్సుఒబుషి ఉన్న దాషి, చాలాసార్లు అదే కలిపి చేసే పోన్జు సాస్, ఆంచోవీ చేప, బాతు కాలేయంతో చేసే ఫ్వా గ్రా, బాతు కొవ్వు, పంది కొవ్వు, జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసి తీపి పదార్థాలను గట్టిపరచడానికి వాడే జెలటిన్. ఫ్రెంచ్ జున్నుల్లో (చీజ్) చాలావాటిని, పాలను గడ్డకట్టించడానికి దూడ పొట్ట నుంచి తీసే రెనెట్‌తో చేస్తారు. పేరున్న కోంతే, రోక్‌ఫోర్ కూడా అంతే. అది మీకు సమ్మతం కాకపోతే ‘జున్ను వద్దు’ అని రాయడమే సులువు. గుడ్డు, పాలు, వెన్న తింటారో లేదో విడిగా చెప్పండి, ఎందుకంటే అక్కడ శాకాహారమంటే గుడ్డు తింటారనే అనుకుంటారు. వంటలో పడే వైన్, సాకే అనే జపాన్ బియ్యపు మద్యం, మిరిన్ అనే తియ్యటి వంట మద్యం మీకు వద్దనుకుంటే అదీ రాయాలి. అవి పేరు చెప్పకుండానే సాస్‌లలో ఉంటాయి.

మాంసాహారులు కూడా ఈ పని తప్పించుకోలేరు. గొడ్డుమాంసం తినని వారు గమనించాలి, ఈ రెస్టారెంట్లలో ప్రధాన వంటకం తరచు వాగ్యు, అంటే జపాన్ జాతి ఆవుల మాంసం. కోడి, పావురం, చేప వంటకాల మీద పోసే చిక్కటి సాస్‌లో కూడా దూడ ఎముకల స్టాక్ ఉండవచ్చు. ‘బీఫ్ వద్దు’ అంటే దూడ మాంసం సరే అనుకునే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఫ్రెంచి భాషలో బఫ్, వో అనే రెండు పేర్లూ వేరు. రెండూ రాయండి.

ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం కోరేవారికి ఒక్క మాట. ఫ్రెంచ్ వంటలో చిన్న ఉల్లి జాతికి చెందిన ఎషలోత్ లేని సాస్ అరుదు. కాదని చెప్పలేక వంటగది ఒప్పుకున్నా, మీ పళ్లెంలోకి వచ్చేవి వాళ్ల చేతి గొప్పతనాన్ని చూపలేవు. అంత ఖర్చు ఇక్కడ పెట్టవద్దని నా సలహా.

3. బుక్ చేయండి, ఆ వెంటనే ఈమెయిల్ పంపండి. ఆన్‌లైన్ ఫారంలో ఉండే చిన్న గడిలో పైన చెప్పిన జాబితా పట్టదు. గడిలో ‘ఒకరు శాకాహారి, వివరాలు ఈమెయిల్‌లో’ అని రాసి, ఆ రోజే విడిగా ఉత్తరం పంపండి. ఫ్రెంచి భాషలోనే ఉండాలన్న నియమం లేదు, ఇంగ్లీషు చాలు. విషయం ఇలా ఉండాలి: ‘ఫలానా పేరు మీద ఫలానా తేదీన నలుగురికి టేబుల్ తీసుకున్నాం. అందులో ఒకరు పూర్తి శాకాహారి, వారికి మాంసం, చేప ముక్కలే కాదు, వాటితో కాచిన స్టాక్, దాషి, జెలటిన్ కూడా పనికిరావు. గుడ్లు, పాలు పరవాలేదు. మరొకరు చేప, కోడి తింటారు గాని ఆవు, దూడ మాంసం, వాటి స్టాక్ తీసుకోరు. వీరికి తగిన మెనూ చేయగలరా? వీలుకాకపోతే దయచేసి ఇప్పుడే చెప్పండి.’ చివరి వాక్యం వదలవద్దు. కొన్ని వంటగదులు మెనూను మార్చవు, ఆ సంగతి ముందే తెలియడం మీకూ మంచిదే.

బుకింగ్‌లో కార్డు నంబరు అడుగుతారు. అప్పుడు డబ్బు తీసుకోకపోవచ్చు, కానీ చెప్పిన గడువు దాటాక రద్దు చేసినా, చెప్పకుండా మానేసినా తలకు ఇంత అని వసూలు చేస్తారు. గడువు 24 గంటలా, 48 గంటలా అన్నది చదివి ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. నలుగురికి బుక్ చేసి ముగ్గురే వెళ్లినా ఆ నాలుగో మనిషి లెక్క కట్టే చోట్లు ఉన్నాయి.

ప్రత్యామ్నాయం: మీ ఉత్తరానికి వారంలో జవాబు రాకపోతే, లేదా ‘ఆ రోజు చూద్దాం’ అని జవాబు వస్తే, ఆ చోటును వదిలి మరొకటి చూడండి. జాగ్రత్తగా వండే చోటు జాగ్రత్తగానే జవాబిస్తుంది.

4. రెండు రోజుల ముందు మళ్లీ ఖాయం చేసుకోండి. చాలా చోట్ల వాళ్లే ఫోనో, మెసేజో చేస్తారు, దానికి బదులివ్వకపోతే టేబుల్ వేరొకరికి పోవచ్చు. ఆహారం సంగతి ఆ జవాబులోనే మరొక్కసారి క్లుప్తంగా చెప్పండి.

5. సమయానికి చేరండి. మధ్యాహ్నం పన్నెండున్నరకు, రాత్రి ఎనిమిదికి అంటే ఆ నిమిషానికే. పావుగంట ఆలస్యమైతే ఫోన్ చేయండి, ఎందుకంటే మీ టేబుల్‌కు రావలసిన ప్రతి వంటకానికీ అక్కడ సమయం లెక్కకట్టి ఉంటుంది. దుస్తుల విషయంలో భయం వద్దు. మగవారికి ఇస్త్రీ చేసిన పొడుగు చేతుల చొక్కా, మామూలు బూట్లు, కోటు ఉంటే మరీ మంచిది. ఆడవారికి చీర ఎంతో హుందాగా ఉంటుంది, పట్టుచీరైనా నూలు చీరైనా. పెర్ఫ్యూమ్ మాత్రం బాగా తగ్గించండి. యుజు తొక్క వాసన, చారు పైనుంచి లేచే ఆవిరి ఈ వంటలో సగం రుచి, అత్తరు దాన్ని పక్క టేబుల్‌కు కూడా అందకుండా చేస్తుంది.

6. కూర్చోగానే మూడు మాటలు చెప్పండి. మొదటిది, ఆహార నియమాలు ఎవరివో చేయి చూపి చెప్పడం, ఎందుకంటే వంటగదికి మనుషులు తెలియరు, కుర్చీలే తెలుసు. ఆ తర్వాత కుర్చీలు మారకండి. రెండోది నీళ్లు. సీసా నీళ్లు కావాలా అని అడుగుతారు, అవసరం లేకపోతే ‘యూన్ కరాఫ్ దో’ అనండి, కుళాయి నీళ్లు ఉచితంగా తెస్తారు. అడగడం నామోషీ కాదు. మూడోది పానీయం. మద్యం తాగకపోతే సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. చాలా చోట్ల చల్లటి జపాన్ టీలు, పళ్ల రసాలు ఒక్కో వంటకానికి జతచేసి ఇస్తారు, ధర అడిగి తీసుకోండి. వైన్ తాగేవారు, వైన్ ఎంచడంలో సాయపడే సొమెలియేకు మొహమాటం లేకుండా బడ్జెట్ చెప్పవచ్చు, లేదా జాబితాలో ఒక ధర మీద వేలు పెట్టి ‘ఈ దరిదాపుల్లో’ అంటే చాలు.

7. తినడం. ముందు నోట్లో పట్టే చిన్న చిన్నవి మూడు నాలుగు వస్తాయి, వాటిని చేత్తో తినవచ్చు. ఆ తర్వాత వచ్చే వాటికి చెంచాలు, కత్తులు బయటి నుంచి లోపలికి వరుసగా వాడండి. ఫోర్కు ఎడమ చేతితో పట్టడం మనలో కొందరికి మనసు ఒప్పదు. ముక్కలు కోసుకున్నాక కత్తి పళ్లెం అంచున పెట్టి, ఫోర్కును కుడి చేతికి మార్చుకుని తినండి, ఎవరూ ఏమీ అనుకోరు. రొట్టెను కత్తితో కోయకుండా చేత్తో తుంచుకోవాలి. బల్లగుడ్డ మీదే పెట్టుకోవడం ఫ్రాన్స్‌లో మామూలు. చాప్‌స్టిక్స్ ఇస్తే, వాడనప్పుడు వాటికోసం ఉంచిన చిన్న దిమ్మ మీద పెట్టండి. అన్నంలో నిలువుగా గుచ్చకండి, జపాన్‌లో చనిపోయినవారి ముందు పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు.

వడ్డించే మనిషి ఒక్కో వంటకం పెట్టి ఏమిటో, ఎలా తినాలో చెబుతారు. ఆ మాట పూర్తిగా వినండి. ‘కేయ్’లో పేరు పొందిన వంటకం ‘కరకరలాడే కూరగాయల తోట’. పళ్లెం నిండా రంగురంగుల కూరగాయలు, ఆకులు, పువ్వులు, వాటిపై నిమ్మ నురగ. చూసి పాడుచేయబుద్ధి కాక పైపైన ఒక్కో ఆకు తీసుకు తినాలనిపిస్తుంది. కానీ అన్నీ అడుగునుంచి కలిపి తింటేనే అది వంటకం అవుతుంది. మనకు పప్పు, అన్నం, నెయ్యి కలిపితేనే ముద్ద అయినట్టు. ఇంకో సంగతి కూడా గమనించండి: పేరు కూరగాయల తోటే అయినా దాని మామూలు వంటకంలో పొగబెట్టిన సాల్మన్ చేప ఉంటుంది. మెనూలో పేరు చూసి ఏదీ శాకాహారమని అనుకోవద్దు.

ఉప్పు, కారం తక్కువనిపిస్తుంది, ముఖ్యంగా మొదటి రెండు వంటకాల్లో. మిరపకాయ సాస్ అడగకండి. మూడు ముద్దలు తిన్నాక నాలుక సర్దుకుంటుంది. దాషి రుచి మొదటి గుక్కలో నీళ్లలా ఉండి, మింగాక నోట్లో నిలుస్తుంది, కనుక గుక్కకూ గుక్కకూ మధ్య ఆగండి. వంటకాలు మన ఇళ్లలోలా పొగలు కక్కుతూ రావు, గోరువెచ్చగా వస్తాయి, నిమిషం ఆలస్యమైతే సాస్ మీద పొర కడుతుంది. ఫొటో ఒకటి తీసుకుని తినడం మొదలుపెట్టండి. మాంసం, చేప లోపల గులాబీ రంగులో ఉంటాయి. అది పడని వారు, గర్భిణులు బాగా ఉడికినవే కావాలని ముందే, మూడో మెట్టులోని ఉత్తరంలోనే రాయాలి.

మీ దగ్గరున్నది ఇతరులతో పంచుకోవాలంటే పళ్లేలు టేబుల్ మీదుగా చేతులు మార్చకుండా, చిన్న పళ్లెం అడిగి అందులో కొంచెం పెట్టి ఇవ్వండి. శాకాహారి పళ్లెం దగ్గరికి వేరే ఫోర్కు వెళ్లనివ్వకండి.

8. జున్ను, తీపి. జున్నుల బండి వస్తే అది మెనూ ధరలో ఉందా, అదనమా అని అడిగాకే తీసుకోండి. తీపిలో యుజు, ‘మచ్చ’ అనే ఆకుపచ్చ టీ పొడి, నల్ల నువ్వులు కనబడతాయి. నల్ల నువ్వుల వంటకం ఉంటే వదలవద్దు, అది నోట్లో పడగానే నువ్వుండలు గుర్తుకురాని తెలుగువారు ఉండరు. జెలటిన్ సంగతి ఇక్కడ మరోసారి అడగండి. చివర కాఫీతో వచ్చే చిన్న తీపి ముక్కలు తరచు అందరికీ ఒకే పళ్లెంలో పెడతారు, పొరపాటు జరిగేది ఎక్కువగా అప్పుడే.

9. బిల్లు. ‘లాడిస్యోఁ, సిల్ వు ప్లే’ అని మీరు అడిగేదాకా తీసుకురారు. అది ఆలస్యం కాదు, మర్యాద. ఫ్రాన్స్‌లో ధరల్లో పన్ను, సేవా రుసుము కలిసే ఉంటాయి. ఆహారంపై 10 శాతం, మద్యంపై 20 శాతం పన్ను బిల్లులో విడిగా కనిపించినా అది అదనంగా కలిపేది కాదు. టిప్ మీ ఇష్టం, ఇవ్వకపోయినా తప్పు కాదు.

తరచు జరిగే పొరపాట్లు

అన్నిటికన్నా పెద్దది, ‘వెజిటేరియన్’ అనే ఒక్క మాట రాసి నిశ్చింతగా ఉండటం. రెండోది, ఇష్టం లేనివాటిని ఎలర్జీ అని చెప్పడం. ఎలర్జీ అంటే వంటగదిలో ఆ పూటకు కత్తులు, పలకలు, గిన్నెలు కూడా వేరు చేస్తారు. నమ్మకం కోసం, ఆచారం కోసం తినం అని చెబితే వాళ్లు అంతే గౌరవిస్తారు, అబద్ధం అవసరం లేదు. మూడోది రొట్టె. ఆకలితో వచ్చి, వెన్న బాగుందని రెండు మూడు రొట్టెలు తినేసి, ప్రధాన వంటకం వచ్చేసరికి చేతులెత్తేసిన వారిని నేను చాలామందిని చూశాను. చిన్నపిల్లలను తీసుకురావడం కూడా ఆలోచించుకోవలసిన విషయమే. మూడు గంటలు కదలకుండా కూర్చోమనడం వాళ్లకు శిక్ష.

సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకోవడం

బుకింగ్ దశలో, మీ ఉత్తరానికి వచ్చిన జవాబులో దాషి, స్టాక్ అనే మాటలు తిరిగి కనబడ్డాయా అన్నది చూడండి. ‘శాకాహారి అని గమనించాం’ అన్న జవాబు చాలదు, మళ్లీ రాయండి. టేబుల్ దగ్గర ఇంకో మార్గం ఉంది. యూరప్ నిబంధనల ప్రకారం ప్రతి రెస్టారెంట్ తన వంటకాల్లో 14 రకాల ఎలర్జీ పదార్థాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పగలగాలి, ఫ్రాన్స్‌లో ఆ వివరం రాతపూర్వకంగా ఉంచాలి. ఆ పదార్థాల్లో చేప ఒకటి. చారు, సాస్ ఎదురుగా చేప అని ఉంటే అందులో కత్సుఒబుషి ఉండే అవకాశం ఎక్కువ. అయితే మాంసం ఆ పద్నాలుగింటిలో లేదు, కాబట్టి స్టాక్, జెలటిన్ విషయంలో ఆ పట్టిక మీకు సాయపడదు. నోటితోనే అడగాలి. తేటగా ఉన్న ఏ ద్రవం వచ్చినా, మొదటి చెంచా తీసుకోకముందే, ‘ఇల్ య ద్యు ప్వాస్సోఁ దాఁ ల బుయ్యోఁ’ అనండి, చారులో చేప ఉందా అని దాని అర్థం. అడిగిన మనిషి వెంటనే ‘లేదు’ అంటే ఒక రకం, ‘కనుక్కుని వస్తాను’ అని లోపలికి వెళితే ఇంకా మంచి రకం. వారు తిరిగి వచ్చేదాకా చెంచా కింద పెట్టి ఉంచండి. పొరపాటున వేరే పళ్లెం వస్తే తినడం మొదలుపెట్టకుండా, గొంతు పెంచకుండా చెప్పండి. మారుస్తారు, దానికి ధర వేయరు.

బిల్లు వచ్చాక మూడు వరుసలు చూడండి: మెనూల సంఖ్య మీ సంఖ్యతో సరిపోయిందా, మీరు అడగని నీళ్ల సీసాలు ఉన్నాయా, అదనపు ధర ఉందని చెప్పిన వంటకాలు ఎవరు తీసుకున్నారో వారికే పడ్డాయా. కార్డు మిషన్ యూరోల్లోనా, రూపాయల్లోనా అని అడిగితే యూరోలు నొక్కండి, రూపాయలు ఎంచుకుంటే మారకం రేటు వాళ్ల మిషన్‌దే పడుతుంది, అది దాదాపు ఎప్పుడూ ఎక్కువే. ఆ రోజు మెనూ అచ్చు కాగితం ఒకటి అడిగి తీసుకోండి, చాలా చోట్ల సంతోషంగా ఇస్తారు. దానిమీద మీకోసం మార్చిన వంటకాలను హోటల్‌కు వెళ్లగానే పెన్నుతో రాసుకుంటే, తర్వాత మరో చోట బుక్ చేసేటప్పుడు పంపవలసిన ఉత్తరం దాదాపు సిద్ధంగా ఉన్నట్టే.